కాజా డబ్బా, పాత సీడీ, ఉప్పునీళ్ళు: ఎలక్ట్రాన్ శక్తి స్థాయిల్ని కళ్ళతో చూసి లెక్క కట్టడం ఎలా

ఇంటర్ పిల్లలు నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చేనాటికే హైడ్రోజన్ కాంతి గీతల సిరీస్ పేర్లు, లైమన్, బామర్, పాశ్చన్, బ్రాకెట్, ఫండ్ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. "సరే, అన్నం పొంగి గంజి పొయ్యి మీద పడితే నీలం మంట పసుపుగా ఎందుకు మారుతుంది?" అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ రెండూ ఒకే పాఠమండి. అందుకే నర్సాపురంలో నా ట్యూషన్‌లో పరమాణు నిర్మాణం మొదలుపెట్టేది నోట్సుతో కాదు, తాపేశ్వరం కాజా డబ్బాతో.

ముందే ఒక మాట పట్టుకోండి. కాంతి మనకి ఎలక్ట్రాన్ ఏ స్థాయిలో ఉందో చెప్పదు. ఏ రెండు స్థాయిల మధ్య మారిందో, వాటి మధ్య తేడా ఎంతో, అంతే చెబుతుంది. ఈ పాఠంలో లెక్కలన్నీ తీసివేతలే. తీసివేత వచ్చిన పిల్లవాడికి సిరీస్ పేర్లు తర్వాత వాటంతటవే వస్తాయి.

డబ్బా తయారీ

20 సెంటీమీటర్ల పొడవు, కనీసం 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గట్టి అట్టడబ్బా కావాలి. స్వీట్ షాపు డబ్బాలు ఈ కొలతకి దగ్గరగానే ఉంటాయి. నూనె మరకలుంటే లోపల నల్ల కాగితం అంటించండి, వెలుతురు చెదిరిపోకుండా ఉంటుంది. తర్వాత ఒక పాత సీడీ కావాలి. ఈ రోజుల్లో సీడీలు ఎక్కడున్నాయి అంటారేమో, బీరువాలో పెళ్ళి సీడీ లేని ఇల్లు మా వైపు అరుదు. కోసే ముందు ఇంట్లో అడగండి, ఆ గొడవకి నా పూచీ లేదు.

డీవీడీ వద్దు. సీడీ మీద గాడికీ గాడికీ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. డీవీడీలో అది 0.74 మాత్రమే. గాళ్ళు దగ్గరయ్యేకొద్దీ రంగులు ఎక్కువ కోణంలో విడిపోతాయి, అప్పుడు ఈ డబ్బా వెడల్పు చాలదు.

సీడీ పైభాగాన్ని, అంటే పేరు రాసి ఉండే వైపుని, చాకుతో అక్కడక్కడ గీరి, బ్రౌన్ టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగండి. వెండి పొర ఊడి వస్తుంది, కింద పారదర్శకమైన ప్లాస్టిక్ మిగులుతుంది. అంచుకి దగ్గరగా రెండు సెంటీమీటర్ల ముక్క కత్తిరించుకోండి. మధ్యలో కంటే అక్కడ గాళ్ళు ఎక్కువ తిన్నగా ఉంటాయి.

డబ్బా ఒక చివర గోడకి, ఎడమ అంచు నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో నిలువుగా ఒక కంత చేసి, దాని మీద షేవింగ్ బ్లేడు రెండు ముక్కల్ని ఎదురెదురుగా అంటించండి. రెంటి మధ్య సందు కాగితం మందం ఉంటే చాలు. ఈ సందు ఎంత సన్నగా, ఎంత తిన్నగా వస్తే పని అంత బాగా జరుగుతుంది. పిల్లలు తొందరపడేది ఇక్కడే, రంగులు అలుక్కుపోయినట్టు కనిపిస్తే నూటికి తొంభై సార్లు సందు వెడల్పే కారణం. దీనికి సరిగ్గా ఎదురుగా రెండో చివర కంటికి ఒక కన్నం చేసి, సీడీ ముక్కని గాళ్ళు నిలువుగా, సందుకి సమాంతరంగా ఉండేలా అంటించండి. అడ్డంగా పెడితే రంగులు పైకీ కిందికీ పోతాయి.

ఇక కొలత. సందు ఉన్న గోడ మీదే, సందు నుంచి కుడివైపుకి ఒక్కో సెంటీమీటరుకి ఒక గుండుసూది బెజ్జం పెట్టుకుంటూ 10 దాకా వెళ్ళండి. లోపల చీకట్లో ఆ బెజ్జాలు చుక్కల్లా మెరుస్తాయి, అదే మీ స్కేలు. కన్నంలోంచి చూస్తూ చూపుని కుడివైపుకి తిప్పితే రంగులు ఆ చుక్కల దగ్గర పడతాయి. సందు నుంచి మీకు కనిపించిన రంగు గీత దూరం d సెంటీమీటర్లు అనుకుంటే, తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో ఇలా వస్తుంది:

1600 × d ÷ √(d² + 400)

1600 అనేది సీడీ గాడి దూరం నానోమీటర్లలో. 400 అనేది డబ్బా పొడవు 20కి వర్గం. మీ డబ్బా పొడవు వేరైతే దాని వర్గం వెయ్యండి.

మొదట ట్యూబ్‌లైట్, తర్వాత పొయ్యి

కొలత సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్‌ని గానీ సీఎఫ్ఎల్‌ని గానీ చూడండి. ఇప్పుడు ట్యూబ్‌లైట్ అని అమ్మేవి చాలావరకు ఎల్ఈడీ పట్టీలు, అవి ఇందుకు పనికిరావు. పాత ట్యూబ్‌లో పాదరసం ఆవిరి ఉంటుంది. దాని నీలి గీత 435.8 నానోమీటర్లు, అది మీ స్కేలు మీద 5.7 సెంటీమీటర్ల దగ్గర పడాలి. ఆకుపచ్చ గీత 546.1, అది 7.3 దగ్గర. రెండూ ఒకే వైపుకి జరిగితే సీడీ ముక్క వంకరగా అంటించారని అర్థం.

ఎల్ఈడీ బల్బుని కూడా ఒకసారి చూడండి. నీలంలో ఒక గుబురు, కాస్త వెలితి, తర్వాత ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా అలుక్కున్న వెలుగు కనిపిస్తాయి, సన్నని గీతలు ఒక్కటీ ఉండవు. అక్కడ కాంతినిచ్చేది విడివిడి పరమాణువులు కాదు, ఘన పదార్థం. కోట్ల పరమాణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నప్పుడు శక్తి స్థాయిలు కలిసిపోయి వెడల్పాటి పట్టీలవుతాయి. గీతలు కావాలంటే పరమాణువులు ఒకదానికొకటి దూరంగా, ఆవిరిగానో వాయువుగానో ఉండాలి.

ఇప్పుడు వంటింట్లోకి రండి. పెద్దవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి. కొబ్బరి ఈనెలు నాలుగు తీసుకుని, రాళ్ళ ఉప్పు కరిగినంత కలిపిన చిక్కటి ఉప్పునీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. లైట్లన్నీ ఆర్పి, గ్యాస్ పొయ్యి సన్నగా పెట్టి, తడి ఈనె కొసని నీలం మంట అంచుకి తాకించండి. ఈనె తడిగా ఉన్నంతసేపూ మంట పసుపుగా మండుతుంది. ఆరిపోయి ఈనె కాలడం మొదలైతే ఎర్రగా నిప్పు రంగు వస్తుంది, అది మనకి అక్కర్లేదు, ఇంకో ఈనె తీసుకోండి. ఇంకొకరు డబ్బాలోంచి చూడాలి. మంటంతా పసుపుగా కనిపించినా, డబ్బాలో మిగతా రంగులు దాదాపు ఏమీ ఉండవు, 7.9 సెంటీమీటర్ల దగ్గర ఒకే ఒక్క పసుపు గీత ఉంటుంది. సూత్రంలో వేస్తే 588 వస్తుంది. అసలు విలువలు రెండు: 589.0, 589.6. ఆ రెంటినీ విడదీసే శక్తి మన డబ్బాకి లేదు.

ఇక్కడ జరిగింది ఇది. ఉప్పులో సోడియం ఉంటుంది. సోడియం పరమాణువులో చివరి ఎలక్ట్రాన్ ఒక్కటే ఒంటరిగా 3ఎస్ అనే స్థాయిలో ఉంటుంది. మంట వేడికి అటూ ఇటూ దూసుకుపోయే అణువులు దాన్ని గుద్దితే, ఆ దెబ్బలో శక్తి తీసుకుని పైనున్న 3పీ స్థాయికి వెళుతుంది. అక్కడ ఎక్కువసేపు నిలవదు, సగటున సెకనులో వంద కోట్లో వంతు లాంటివి 16 గడిచేసరికి తిరిగి వచ్చేస్తుంది. వస్తూ తీసుకున్న శక్తిని ఒక ఫోటాన్‌గా, అంటే ఒక కాంతి పొట్లంగా, వదిలేస్తుంది. మంటలో ఏ క్షణాన చూసినా ఇలా పైన ఉన్నవి లక్షకి ఏ కొద్ది పరమాణువులో. అయినా ప్రతి పరమాణువూ ఇదే పనిని మళ్ళీ మళ్ళీ చేస్తుంది కనుక మంటంతా పసుపు రంగెక్కుతుంది.

శక్తి ఎంత? 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి, పరమాణువుల శక్తిని కొలిచే చిన్న ప్రమాణం అది. 1240 ÷ 589 = 2.1. ఆ రెండు స్థాయిల మధ్య తేడా 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం, ఎలక్ట్రాన్ ఆవేశం మూడింటినీ ముందే గుణించి భాగించి పెట్టుకున్నదే ఆ 1240. పరీక్షలో జౌళ్ళలో అడిగితే 1.6 × 10⁻¹⁹తో గుణించండి. ఇంత చిన్న పనికి పిల్లలు అరపేజీ లెక్క చేస్తుంటే నాకు చిరాకొస్తుంది.

తీసుకోవడానికీ ఒక పద్ధతి ఉంది

వదలడం చూశాం. తీసుకోవడం దగ్గరే తికమక ఎక్కువ, నిదానంగా చదవండి.

సఖినేటిపల్లి రేవులో పంటు టికెట్ ఇచ్చే మనిషి దగ్గర చిల్లర అస్సలు లేదనుకోండి. సరిగ్గా టికెట్ ధర ఎంతో అంత నోటు ఇస్తేనే తీసుకుంటాడు. తక్కువైతే వద్దంటాడు, ఎక్కువైనా వద్దంటాడు. ఫోటాన్ అలాంటి ఒకే నోటు, చింపడానికి వీల్లేదు. పరమాణువు దాన్ని మొత్తంగా తీసుకోవాలి, లేదా మొత్తంగా వదిలెయ్యాలి. అదే ఇంకో ఎలక్ట్రాన్ బయటినుంచి వచ్చి గుద్దితే సంగతి వేరు. దాని జేబులో చిల్లర ఉన్నట్టే, కావలసినంత ఇచ్చి మిగతాది తన దగ్గరే ఉంచుకుని పోతుంది.

ఇప్పుడు హైడ్రోజన్‌కి వద్దాం. 1913లో నీల్స్ బోర్ చెప్పినట్టు దాని స్థాయిలు −13.6 ఎలక్ట్రాన్ వోల్టుల్ని n వర్గంతో భాగిస్తే వస్తాయి, n అంటే స్థాయి సంఖ్య: −13.6, −3.4, −1.51, −0.85, −0.54. రుణ గుర్తు చూసి కంగారు పడకండి. కేంద్రకం పట్టునుంచి బయటపడాలంటే ఇంకా అంత శక్తి కావాలని దాని అర్థం. మొదటి స్థాయి నుంచి రెండోదానికి 10.2, మూడోదానికి 12.09, పూర్తిగా బయటపడటానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి.

భూస్థాయిలో, అంటే అన్నిటికంటే కింది స్థాయిలో, ఉన్న హైడ్రోజన్ మీదికి 11 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ వచ్చింది. ఏమవుతుంది? ఏమీ కాదు. 10.2 కాదు, 12.09 కాదు, కనుక ఫోటాన్ తన దారిన పోతుంది. అదే 11 ఎలక్ట్రాన్ వోల్టుల గతిశక్తితో ఒక ఎలక్ట్రాన్ వచ్చి గుద్దితే 10.2 ఇచ్చేసి, 0.8తో వెళ్ళిపోవచ్చు. 14 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ వస్తే? ఇక్కడ మాత్రం తీసుకుంటుంది. 13.6 దాటాక స్థాయిలు అంటూ ఉండవు, ఎంతైనా చెల్లుతుంది. ఎలక్ట్రాన్ బయటపడి మిగిలిన 0.4తో పరుగెడుతుంది. ఈ మూడు ప్రశ్నలూ పక్కపక్కన రాసుకోండి. పోటీ పరీక్షల్లో అంకెలు మార్చి మార్చి వీటినే అడుగుతారు.

గుద్దే ఎలక్ట్రాన్ సంగతిని 1914లో ఫ్రాంక్, హెర్ట్జ్ అనే ఇద్దరు పాదరసం ఆవిరిలో తేల్చారు. ఎలక్ట్రాన్ల శక్తి 4.9 ఎలక్ట్రాన్ వోల్టులకి చేరేదాకా అవి పాదరసానికి ఏమీ ఇవ్వకుండా ఎగిరి పడుతున్నాయి. ఆ అంకె చేరగానే ఒక్కసారిగా ఇచ్చేస్తున్నాయి. ఆ పాదరసం తిరిగి వదిలే కాంతి 253.7 నానోమీటర్లు. 1240ని దానితో భాగించి చూడండి, 4.89 వస్తుంది. మీ ఇంట్లో పాత ట్యూబ్‌లైట్ వెలుగుతున్నదీ ఇలాగే. ఆ 253.7 అతినీలలోహిత కాంతి కంటికి కనబడదు, గాజు లోపలి తెల్ల పూత దాన్ని తీసుకుని మనకి కనిపించే కాంతిగా మార్చి ఇస్తుంది.

ఎలక్ట్రీషియన్ టెస్టర్‌లో నారింజ ఎరుపు వెలుగుకీ ఇదే కథ, కానీ ఒక మెలిక ఉంది. పిల్లలు సాకెట్‌లో టెస్టర్ పెట్టొద్దు. పాత రకం ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద వెలిగే ఎర్ర ఇండికేటర్‌లోనూ నియాన్ అనే వాయువు ఉంటుంది, చీకట్లో దాన్ని డబ్బాతో చూడండి. ఎరుపు, నారింజ, పసుపుల్లో బోలెడు గీతలు గుంపుగా కనిపిస్తాయి. ఒకే ఎర్ర గుబురు కనిపిస్తే అది ఎల్ఈడీ. ఆ గీతల శక్తి 2 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ ఉంటుంది. కానీ నియాన్‌ని భూస్థాయి నుంచి కదిలించాలంటేనే 16.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి! మరి మిగతాదంతా ఎటు పోయింది? నియాన్ ఎలక్ట్రాన్ సుమారు 18.5 దాకా వెళ్ళి, అక్కడినుంచి 16.6 దగ్గర ఉన్న స్థాయికి దిగేటప్పుడు ఎరుపునిస్తుంది. అక్కడినుంచి భూస్థాయికి నేరుగా దిగితే వచ్చే కాంతి అతినీలలోహితం, దాన్ని గాజు బయటికి రానివ్వదు. మొదట్లో అన్న మాట ఇక్కడ బాగా పనికొస్తుంది. ఎర్ర గీత చూసి నియాన్ శక్తి స్థాయి 2 అనుకుంటే తప్పు, రెండు పై స్థాయిల మధ్య తేడా 2.

నల్ల గీతలు

శోషణ, అంటే పరమాణువు కాంతిని తీసుకోవడం, చూడాలంటే పాత సోడియం వీధి దీపం ఒకటి వెతకండి. ఊళ్ళన్నీ ఎల్ఈడీలైపోయాయి, అయినా ఏ గోడౌన్ ఆవరణలోనో ఇంకా బంగారు రంగు దీపాలు మిగిలే ఉంటాయి. డబ్బాలో చూస్తే తమాషా ఏమిటంటే, సోడియం దీపంలో సరిగ్గా సోడియం పసుపు ఉండాల్సిన 589 దగ్గరే నల్లని చార ఉంటుంది! దాని రెండు పక్కలా వెలుగు పరుచుకుని ఉంటుంది. దీపం నడుమ వేడి సోడియం ఆవిరి వదిలిన కాంతిని, గొట్టం గోడ దగ్గర కాస్త చల్లగా ఉన్న సోడియం ఆవిరి తీసేసుకుంటుంది. ఒకే దీపంలో ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ జరుగుతున్నాయి.

"తీసుకున్నది మళ్ళీ వదులుతుంది కదా సార్, మరి నలుపెందుకు?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. వదులుతుంది, కానీ అన్ని దిక్కులకీ వదులుతుంది. మన వైపు తిన్నగా వస్తున్న కాంతిలోంచి తీసుకుని, నలువైపులా చెదరగొట్టేస్తే మన కంటికి చేరేది తగ్గిపోతుంది. కొంత శక్తి పక్క పరమాణువుల్ని గుద్దుకోవడంలో వేడిగానూ పోతుంది.

పగలు ఎండ పడుతున్న సున్నం గోడని చూడండి. సూర్యుడి వైపు డబ్బా ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ తిప్పకండి, కన్ను పోతుంది. సందు బాగా సన్నగా ఉంటే ఇంద్రధనుస్సు రంగుల మధ్య సన్నని నల్ల గీతలు లీలగా తెలుస్తాయి. 589 దగ్గర ఉన్నది సోడియం, 486 దగ్గర ఉన్నది హైడ్రోజన్. ఈ రెండోదాన్ని లెక్క కట్టండి: నాలుగో స్థాయికీ రెండో స్థాయికీ తేడా 3.4 − 0.85 = 2.55, 1240 ÷ 2.55 = 486. అంటే సూర్యుడి మీద కొన్ని హైడ్రోజన్ పరమాణువుల్లో ఎలక్ట్రాన్ ముందే రెండో స్థాయిలో ఉండి, అక్కడినుంచి నాలుగుకి వెళుతోంది. మన గది ఉష్ణోగ్రత దగ్గర హైడ్రోజన్‌ అంతా భూస్థాయిలోనే ఉంటుంది కనుక ఈ గీత రాదు. సుమారు 5,800 కెల్విన్ల వేడి ఉన్న సూర్యుడి ఉపరితలం మీద కొద్దిపాటి పరమాణువులు రెండో స్థాయిలో ఉంటాయి. వేడిని బట్టి నక్షత్రంలో ఏ గీతలు గట్టిగా ఉంటాయో లెక్కకట్టే దారి 1920లో చూపించింది మన మేఘనాద్ సాహా.

ఈ గీతల చరిత్రలో మన పక్క జిల్లాలకీ వాటా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన పోగ్సన్ బందరులో వర్ణపటాలు, అంటే ఇలా విడదీసిన రంగులు, చూశారు. సూర్యుడి అంచున వెలిగిన పసుపు గీత మొదట సోడియందే అనిపించింది, కానీ చోటు కొంచెం తేడా, 587.6. ఆ తేడాకి సరిపడే మూలకం అప్పటికి భూమ్మీద ఎవరికీ తెలియదు. అదే హీలియం. 1895లో రామ్‌సే అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని భూమ్మీదే ఒక ఖనిజంలోంచి తీశాడు. మన డబ్బాలో 587.6కీ 589కీ ఎడం మిల్లీమీటరులో పావు వంతు కూడా ఉండదు, కనుక కాజా డబ్బాతో హీలియం కనిపెట్టే ఆశ పెట్టుకోకండి.

దీపావళికి రంగు అగ్గిపెట్టెలు తెచ్చుకుంటే వాటినీ చూడండి. ఎరుపులో స్ట్రాన్షియం, ఆకుపచ్చలో బేరియం ఉంటాయి. గీతల బదులు కాస్త వెడల్పాటి పట్టీలు కనిపిస్తాయి, అక్కడ వెలిగేది ఎక్కువగా అణువులు కనుక.

పరీక్షకి వెళ్ళేవాళ్ళకి ఒక ఉచ్చు మిగిలింది. "ఎలక్ట్రాన్ నాలుగో స్థాయి నుంచి భూస్థాయికి వస్తే ఎన్ని గీతలు?" అనగానే n(n−1)/2 వేసి 6 రాసేస్తారు. ప్రశ్నలో హైడ్రోజన్ వాయువు అనో, చాలా పరమాణువులు అనో ఉంటే 6 సరైనదే, ఎందుకంటే ఒక్కో పరమాణువు ఒక్కో దారిలో దిగుతుంది. ఒకే ఒక్క పరమాణువు అన్నాడా, అది 4 నుంచి 3కి, 3 నుంచి 2కి, 2 నుంచి 1కి దిగినా గరిష్ఠంగా 3 ఫోటాన్లే వస్తాయి. ఒకేసారి 4 నుంచి 1కి దిగితే ఒక్కటే, 12.75 ఎలక్ట్రాన్ వోల్టులది.